షెడ్డు కప్పు, మేకుల గన్, నా నడుం

నిన్న శనివారం పొద్దున ఆరింటికే షెడ్డెక్కాం. డాలస్‌లో జూన్ ఎండకి మధ్యాహ్నమైతే తారు షింగిల్స్, అదే కప్పు మీద పరిచే తారు పలకల మీద మోకాలు పెట్టలేం. మేకుల గన్‌కి గాలి నొక్కి పంపే కంప్రెసర్ మోత మాత్రం ఎనిమిది దాకా మొదలెట్టలేదు, పక్కింటాయన మంచివాడే, ఆ మంచితనాన్ని పరీక్షించడం ఎందుకని. వడగళ్ళకి పాడైన ఇంటి కప్పు ఖర్చు ఇన్సూరెన్స్‌లో పోయింది గానీ, పెరట్లో షెడ్డు మా నెత్తినే పడింది. "ఆ కాస్తకి మనిషెందుకు బావా, మనమే కొట్టేద్దాం" అన్నాడు బావమరిది.

వాడు తెచ్చిన గన్ తీరా చూస్తే సైడింగ్‌కి, అంటే గోడల బయట కొట్టే చెక్కలకి వాడేది. అదీ చుట్టగా వచ్చే మేకులదే, దూరం నుంచి చూస్తే తేడా తెలీదు, కానీ ఆ మేకు తల చిన్నది, గాలికి షింగిల్ లేచిందంటే తల మీంచి ఊడొచ్చేస్తుంది. అది పక్కన పెట్టి రూఫింగ్ గన్ ఒక రోజుకి అద్దెకి తెచ్చాం. చుట్టకి 120 మేకులు. షాపులో 7,200 మేకుల డబ్బా తప్ప చిన్నది లేదు, మాకు ఏడు చుట్టలు పట్టాయి. మిగిలిన వాటితో మనవల కాలం దాకా కప్పులు వేసుకోవచ్చు.

గన్‌ని ఆనిస్తే చాలు టకటకా కొట్టే ట్రిగ్గర్ ఒకటుంది, అలవాటైన మేస్త్రీలకి అది. మేం ఒక్కో మేకుకి ఒక్కోసారి నొక్కే పద్ధతిలోనే పెట్టాం, బావమరిది మూతి ముడుచుకుంటే ముడుచుకున్నాడు, తొడలో మేకు దిగడం కంటే నయం కదా.

పొద్దున గాలి ప్రెషర్ 90 పీఎస్ఐ దగ్గర మేకు తల షింగిల్‌తో సమానంగా, గోరు తగలకుండా కూర్చుంది. పదకొండయ్యేసరికి అదే ప్రెషర్‌కి తల లోపలికి దిగి షింగిల్‌ని కోసేస్తోంది. గన్ పాడైందనుకుని ఇద్దరం చాలాసేపు తిట్టుకున్నాం, చివరికి అర్థమైంది, గన్ బాగానే ఉంది, ఎండకి తారే మెత్తబడింది. ప్రెషర్ తగ్గించి, మేకు ఎంత లోతు దిగాలో సరిచేసే చక్రం ఒక మెట్టు తిప్పాక సరిపోయింది. అప్పటికే కోసుకుపోయిన పదిహేనుకి పైగా చోట్ల తారు జిగురు పూసి, పక్కనే ఇంకో మేకు కొట్టాల్సొచ్చింది.

ఇంకో తమాషా, చుట్ట అయిపోయినా గన్ టక్‌మంటూనే ఉంటుంది. ఒక షింగిల్‌కి ఆరు కొట్టాననుకుని చేత్తో లేపి చూస్తే రెండే ఉన్నాయి.

సాయంత్రం మా ఆవిడ షెడ్డు లోపలికెళ్ళి అరిచింది. పైన చెక్క సన్నది, మేకులు అంగుళంపావువి, మొనలన్నీ లోపలికి పొడుచుకొచ్చి ముళ్ళపంది వీపులా ఉంది. బావమరిదికి ఆరడుగుల ఎత్తు, వాడిని మాత్రం వంగి వెళ్ళమన్నాను.