కట్టర్ చూస్తే పాదాలు దాచుకునే కుక్కకు గోళ్లు కత్తిరించడం: నా అనుభవం

కట్టర్ చప్పుడు వినపడిందంటే చాలు, మా చిట్టి ముందరి పాదాలు రెండూ ఛాతీ కిందికి లాక్కుని, తల పక్కకు తిప్పుకుని బిగుసుకుపోయేది. మామూలు వేళల్లో అడక్కుండానే ఒళ్లో కాలు వేసే కుక్క అది. కాలు ముట్టుకుంటే పర్వాలేదు, పట్టుకుంటేనే దానికి ప్రాణం మీదికొచ్చేది. ఇద్దరం కలిసి అదిమిపట్టి కత్తిరించినన్నాళ్లూ ఆ భయం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆ పద్ధతి పూర్తిగా మానేసి మొదటినుంచి నేర్పాను. ఒక్కటి తప్ప అన్ని గోళ్లూ ఒకే విడతలో కత్తిరించే స్థితికి రావడానికి ఏడు వారాలు పట్టింది.

పోనీలే అని వదిలేసే పని కాదిది. కుక్క గట్టి నేల మీద మామూలుగా నిలబడినప్పుడు గోళ్లు నేలకు తగలకూడదు. నడుస్తుంటే టకటకమని వినిపిస్తోందంటే పెరిగిపోయాయన్నమాట. పెరిగిన గోరు నేలకు తగిలి వేలిని పైకి నెడుతుంది. దాంతో కుక్క నిలబడే తీరే మారుతుంది, నున్నటి నేల మీద కాళ్లు జారతాయి. ముంగాళ్ల లోపలివైపు కాస్త పైన ఉండే డ్యూక్లా గోరు మరీ ప్రమాదం. అది నేలకు తగలదు, కాబట్టి అరగదు. పట్టించుకోకపోతే గుండ్రంగా తిరిగి చర్మంలోకి దిగుతుంది. బొచ్చు ఎక్కువున్న కుక్కల్లో కంటికి కనపడదు, వేలితో తడిమి చూడాలి. చిట్టికి పాదానికి నాలుగు చొప్పున, ముంగాళ్ల డ్యూక్లాలు రెండు, మొత్తం 18 గోళ్లు. కొన్ని కుక్కలకు వెనక కాళ్లకూ డ్యూక్లాలుంటాయి.

మొదట మార్చింది కట్టర్‌ని. మొద్దుబారిన బ్లేడు గోరును కొయ్యదు, నలుపుతుంది. చిట్టి భయంలో సగం పాత కట్టర్ పెట్టిన నొప్పేనని నా నమ్మకం. కుక్కల కోసమే చేసిన, కత్తెరలా మూసుకునే రకం తెచ్చి, పదును తగ్గగానే మార్చేస్తున్నాను. మనుషుల నెయిల్ కట్టర్ గుండ్రటి గోరును అదిమి చీలుస్తుంది, అది వద్దు.

మొదటి రెండు వారాలు కట్టర్ బయటికే తియ్యలేదు. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని బఠాణీ గింజంత ముక్కలు చేసుకుని, రోజుకు రెండుసార్లు, రెండు మూడు నిమిషాలు కూర్చునేదాన్ని. భుజం మీద చెయ్యి, ఒక ముక్క. మోచేతి దగ్గర చెయ్యి, ఒక ముక్క. అలా మెల్లగా పాదం దాకా. ఇక్కడ వరస చాలా ముఖ్యం: ముందు చెయ్యి తగలాలి, ఆ తర్వాతే ముక్క అందాలి. నేను మొదట్లో ముక్క చూపించి కాలు పట్టుకున్నాను. మూడో రోజుకల్లా ముక్క కనపడితేనే చిట్టి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. తిండే ప్రమాద సూచన అయిపోయింది. దాన్ని సరిచేసుకోవడానికి ఒక వారం పోయింది.

ఇంకో అలవాటు మాకు బాగా కలిసొచ్చింది. చిట్టి పడుకునేటప్పుడు గడ్డం కింద ఏదో ఒకటి ఉండాల్సిందే, దిండో, చెప్పో, ఎవరిదో కాలో. అందుకని మడతపెట్టిన తువ్వాలు నా మోకాలి మీద వేసి, దానిమీద గడ్డం ఆనిస్తే ముక్క ఇచ్చాను. ఆనించి ఉన్నంతసేపే పాదాన్ని తాకుతాను. గడ్డం ఎత్తిందా, ఆ క్షణమే చెయ్యి తీసేస్తాను. బతిమాలను, కాలు లాగను. వద్దంటే ఆగుతారని కుక్కకు తెలిసేకొద్దీ వద్దనడం తగ్గింది. పది రోజుల్లో తనే వచ్చి తువ్వాలు మీద గడ్డం పెట్టి ఎదురుచూసేది.

గడ్డం ఎత్తకముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. తిండేమీ లేకుండా పెదవులు నాక్కోవడం, నిద్ర రాని వేళ ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఒళ్లు బిగబట్టడం. వీటిలో ఏది కనిపించినా ఒక మెట్టు వెనక్కి రావాలి. గుర్రుమంటే కసరకండి. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని అణిచేస్తే హెచ్చరిక లేకుండానే కరిచే కుక్క తయారవుతుంది.

మూడో వారం కట్టర్ నేల మీద పెట్టి ముక్క. తర్వాత చేతిలో, తర్వాత గోరుకు ఆనించి, కొయ్యకుండానే ముక్క. చప్పుడుకు అలవాటు పడడానికి ఎండు పుల్లల్ని కొంచెం దూరంలో కత్తిరించి, రోజుకింత దగ్గరికి జరిగాను. నాలుగో వారం చివర్లో మొదటి గోరు, వెనక కాలిది. ఆ రోజుకు ఆ ఒక్కటే. చాలా కుక్కలకు ముంగాళ్ల మీదే ఎక్కువ అనుమానం, అందుకని వెనకనుంచి మొదలుపెట్టడం మేలు.

కోసేటప్పుడు చూసుకోవాల్సింది గోరు లోపలి క్విక్‌ని. రక్తనాళం, నరం ఉండే భాగమది. తెల్ల గోళ్లలో గులాబీ రంగులో పైకే కనిపిస్తుంది, దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆగాలి. చిట్టివి నల్ల గోళ్లు, పైకి ఏమీ కనపడదు. అలాంటప్పుడు ఒక మిల్లీమీటరు మించకుండా పొరలుపొరలుగా కొయ్యాలి, ప్రతి కోతకూ కోసిన ముఖాన్ని చూడాలి. మొదట సుద్దలా పొడిగా ఉంటుంది. మధ్యలో ముదురు చుక్క, కాస్త తడిగా కనిపించిందంటే క్విక్ దగ్గరికొచ్చినట్టే, ఇక ఆపెయ్యాలి. వెలుతురు బాగా లేకపోతే ఆ చుక్క దొరకదు, అందుకే నేను పగలే, కిటికీ పక్కన కూర్చుంటాను.

గోరుతోపాటు క్విక్ కూడా ముందుకు పెరుగుతుంది. అందువల్ల బాగా పెరిగిన గోళ్లను ఒక్కసారే పొట్టి చెయ్యలేం. వారానికోసారి కొసలు తీస్తుంటే క్విక్ మెల్లగా వెనక్కి జరుగుతుంది. ఓపిక పట్టలేక అయిదో వారం లోతుగా కోశాను, రక్తం వచ్చింది. రక్తాన్ని ఆపే స్టిప్టిక్ పౌడర్ గోరు కొసకు అద్ది, కదలకుండా రెండు నిమిషాలు నొక్కిపట్టాను, ఆగింది. పౌడర్ లేకపోతే మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) వాడొచ్చు. అరగంటైనా ఆగకపోతే వెట్ దగ్గరికి వెళ్లాలి. ఆ తర్వాత నాలుగు రోజులు కట్టర్ ముట్టుకోలేదు, మళ్లీ పాదం తాకడం దగ్గర్నుంచి మొదలుపెట్టాం. ఈసారి నాలుగు రోజుల్లోనే తేరుకుంది.

కొసలు గరుకుగా ఉంటే గ్రైండర్, అంటే గోరును అరగదీసే చిన్న యంత్రం, వాడొచ్చు. ఒకేచోట రెండు మూడు సెకన్లకు మించి ఆనించకూడదు, గోరు వేడెక్కుతుంది. వేళ్ల మధ్య బొచ్చు చుట్టుకోకుండా వెనక్కి పట్టుకోవాలి. ఎవరూ తోడు లేనప్పుడు వేరుశనగ వెన్న నాకించవచ్చు, కానీ అందులో చక్కెరకు బదులు కలిపే జైలిటాల్ ఉందేమో సీసా మీద చదివి చూడండి. అది కుక్కలకు విషం.

ఇప్పుడు ఆదివారం పొద్దున తువ్వాలు మడతపెడుతుంటేనే చిట్టి వచ్చి కూర్చుంటుంది. పదిహేడు గోళ్ల దాకా గడ్డం కదపదు. రక్తం వచ్చింది ఎడమ ముంగాలి డ్యూక్లాకి. అక్కడికి రాగానే ఇంకా తల ఎత్తి నా ముఖంలోకి చూస్తుంది. సరేనని కట్టర్ పక్కన పెట్టి, ఆ ఒక్కటీ సోమవారం తీస్తాను.