ఏడున్నర లక్షల బిల్లు ఎలా వచ్చిందంటే (నా అనుభవం)

మొన్న శుక్రవారం మధ్యాహ్నం అకౌంట్లో 7,55,200 రూపాయలు పడ్డాయి. మెసేజ్ చూడగానే రాణిగంజ్ సేఠ్‌కి ఫోన్ చేశాను. ఆయన ఇనుము బాకీ మీద నెలకు రెండు రూపాయల వడ్డీ నడుస్తోంది మరి. నవంబరులో పంపిన మాల్‌కి మార్చి నెలాఖరులో డబ్బు వచ్చింది. ఒళ్లు మండి ఉన్నప్పుడే రాస్తే నయమని ఇప్పుడే కూర్చున్నాను.

నాది బాలానగర్‌లో చిన్న షెడ్డు. రెండు సీఎన్‌సీ లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీన్, ఎనిమిది మంది పనివాళ్లు. పంపులు తయారు చేసే ఒక పెద్ద కంపెనీకి షాఫ్టులు చేసిస్తాం. పేరు రాయను, వాళ్ల దగ్గర ఇంకో చిన్న బిల్లు ఉంది. ఆర్డరు తీసుకోవడం, రాడ్డు తేవడం, తిప్పడం, పంపడం మాకు రోజూ ఉండేవే. ఒక్క పీసు కూడా రిజెక్ట్ కాలేదు. ఈ మాట గొప్పకే రాస్తున్నాను. మా షెడ్డులో గీత పడిన షాఫ్టు గేటు దాటదు.

బిల్లు 6,40,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,15,200. పార్టీ మనకు డబ్బిచ్చాడా లేదా అన్నది జీఎస్టీకి పట్టదు. బిల్లు కొట్టిన మరుసటి నెల 20వ తేదీకి, ఇనుము కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చే క్రెడిట్ పోను మిగిలింది మనం కట్టాల్సిందే. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. నేను డిసెంబరులోనే కట్టేశాను. తర్వాత 7న జీతాలు, 15న పీఎఫ్, ఈఎస్ఐ, ఆ వెంటనే కరెంటు బిల్లు. కాగితం మీద లాభాల్లో ఉన్నాను, చేతిలో మాత్రం రొటేషన్ లేదు.

దానికి తోడు బ్యాంకు. మాకు సీసీ లిమిట్ ఉంది, అంటే అవసరమైనప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తే, మన దగ్గరున్న మాల్‌నీ రావాల్సిన బాకీలనీ చూసి ఎంత వాడుకోవచ్చో లెక్క వేస్తారు. అందులో 90 రోజులు దాటిన బాకీని కలపరు. కాబట్టి ఫిబ్రవరిలో ఆ ఏడున్నర లక్షలు లెక్కలోంచి ఎగిరిపోయాయి, వాడుకునే లిమిట్ తగ్గింది. సరిగ్గా డబ్బు అవసరమైన నెలలోనే బ్యాంకు చేయి వెనక్కి తీసుకుంటుంది. మేనేజర్‌ని అడిగితే "సిస్టమ్ అలా తీసుకుంటుంది సార్" అన్నాడు. ఆ నెల జీతాలు మా ఆవిడ చిట్టీ పాడితే ఇచ్చాను. ఆ పాటలో ఎంత పోయిందో ఆమె ఇంకా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక ఆ కంపెనీ అకౌంట్స్ సెక్షన్.

వాళ్ల దగ్గర వెండర్లు పేమెంట్ల కోసం రావడానికి గురువారం మూడు నుంచి ఐదు వరకే టైం. గేటు దగ్గర ఫోన్ కెమెరా మీద స్టిక్కరు అంటిస్తారు. రిజిస్టర్‌లో "వచ్చిన పని" అనే గడి ఉంటుంది. "పేమెంట్" అని రాయగానే సెక్యూరిటీ అతని మర్యాద సగం తగ్గుతుంది. లోపల రిసెప్షన్‌లో సోఫాలున్నాయి, అవి మనకు కాదు. మనకు మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడ నాలాంటి వాళ్లే ఉంటారు, ప్యాకింగ్ పెట్టెలాయన, పెయింటాయన, క్యాంటీన్ కాంట్రాక్టరు. ఒకరి మొహం ఒకరు చూసుకోం. టీ ట్రే మా ముందు నుంచే సోఫాల వైపు వెళ్తుంది.

కౌంటర్‌లో మా అబ్బాయి వయసు కుర్రాడు. "అంకుల్, జీఆర్ఎన్ పడలేదు, స్టోర్స్‌లో అడగండి" అంటాడు. జీఆర్ఎన్ అంటే మాల్ అందిందని వాళ్ల సిస్టమ్‌లో వాళ్లు వేసుకునే ఎంట్రీ. స్టోర్స్ వాళ్లు క్వాలిటీ వాళ్ల మీద వేస్తారు. క్వాలిటీ ఆయన మంచివాడు, "రిపోర్ట్ ఎప్పుడో అప్‌లోడ్ చేశాను సార్, స్టోర్స్ వాళ్లే కొట్టాలి" అంటాడు. మళ్లీ స్టోర్స్‌కి వెళ్లేసరికి ఐదవుతుంది. పర్చేజ్ మేనేజరైతే, ఆర్డరు ఇచ్చేటప్పుడు "అన్నా" అని భుజం మీద చేయి వేసిన మనిషి, లిఫ్ట్‌లో ఎదురుపడి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఫోన్ స్క్రీన్ వెలగలేదు. ఎన్ని గురువారాలు ఇలా పోయాయో లెక్క పెట్టుకోవడం మానేశాను.

ఫిబ్రవరి చివర్లో ఒక గురువారం నేను కొంచెం గట్టిగా మాట్లాడాను. కుర్రాడు కంగారుపడి స్క్రీన్ నా వైపు తిప్పాడు. "మీ బిల్లులో ఏ ప్రాబ్లం లేదంకుల్, 2బీలో వచ్చింది, క్రెడిట్ కూడా తీసేసుకున్నాం, ఒక్క జీఆర్ఎన్నే" అన్నాడు. 2బీ అంటే మనం వేసిన బిల్లులు కొన్నవాళ్లకు కనిపించే జీఎస్టీ స్టేట్‌మెంట్.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. సరుకు చేతికి అందకుండా జీఎస్టీ క్రెడిట్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పన్ను విషయంలో మాల్ అందిందట, నాకు డబ్బివ్వడానికి మాత్రం అందలేదట! "మరి మాల్ రాకుండానే క్రెడిట్ ఎలా తీసుకున్నారు బాబూ?" అని అడిగాను. వాడు స్క్రీన్ వెనక్కి తిప్పేసి "సార్‌తో మాట్లాడండి" అన్నాడు. మొదటిసారి లోపలి గదిలోకి పిలిచారు.

లోపల అకౌంట్స్ హెడ్ చాలా మర్యాదగా ఒక కాగితం ముందు పెట్టాడు. మా లెటర్‌హెడ్ మీద టైప్ చేసి ఇవ్వాలట. మేము సూక్ష్మ సంస్థా చిన్న సంస్థా కాదని, 45 రోజుల నిబంధన మాకు వర్తించదని. "ఇది ఇచ్చేస్తే మీ పేమెంట్ క్లియర్ చేస్తాం" అన్నాడు. ఎనిమిది మందితో షెడ్డు నడుపుకునేవాణ్ణి చిన్న సంస్థను కాదట. ఇన్ని గురువారాల ప్లాస్టిక్ కుర్చీ కంటే ఆ కాగితం ఎక్కువ అవమానం అనిపించింది. సంతకం పెట్టలేదు, కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను.

వాళ్ల భయం ఎందుకంటే, 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని ఒకటి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు డబ్బు ఇవ్వకపోతే, ఇచ్చిన సంవత్సరంలోనే అది ఖర్చు కింద చూపించుకోవాలి. మార్చి 31 దాటితే ఆ ఏడాది మన బిల్లు కూడా వాళ్ల లాభంలోనే కలిసి, దాని మీద పన్ను పడుతుంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులు. ఉంటే ఒప్పుకున్నన్ని రోజులు, కానీ 45 దాటకూడదు. నా పీఓలో (కొనుగోలు ఆర్డరులో) "జీఆర్ఎన్ నుంచి 60 రోజులు" అని అచ్చు వేసుకున్నారు. అది చెల్లదు. ఆ 45 రోజులు మొదలయ్యేది కూడా జీఆర్ఎన్ నుంచి కాదు. మాల్ అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టంలో ఇది స్పష్టంగా ఉంది. నా డెలివరీ చలాన్ మీద వాళ్ల స్టోర్స్ రౌండ్ సీలు, సంతకం, తేదీ ఉన్నాయి. అభ్యంతరం అంటూ ఒక్క మెయిలూ రాలేదు.

మా సీఏకి ఇదంతా చెబితే "వదిలేయండి సార్, ఆర్డర్లు పోతాయి" అన్నాడు. ఆయన ఫీజు నేను ఏ సంవత్సరమూ ఆపలేదు, ఆ సలహా ఇవ్వడానికి ఆయనకు సుఖంగానే ఉంటుంది. నేనే కూర్చుని చిన్న సంస్థల బాకీల ఫిర్యాదులకు కేంద్రం పెట్టిన పోర్టల్‌లో ఉద్యమ్ నంబరుతో (చిన్న సంస్థగా కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఫిర్యాదు పెట్టాను. పీఓ, బిల్లు, సీలున్న చలాన్ ఎక్కించడమే, అదేమంత కష్టం కాదు. ఆ రోజే కంపెనీకి మెయిల్ రాశాను. ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ అని గుర్తుచేసి, వాళ్లు సంతకం పెట్టమన్న కాగితం ఫొటో కూడా జత చేశాను.

లిఫ్ట్‌లో ఫోన్ నాటకమాడిన మేనేజరే ఫోన్ చేశాడు. "మన మధ్య కంప్లైంట్లు ఏంటన్నా?" అన్నాడు. వడ్డీ వదిలేస్తే వారంలో అసలు వేస్తామన్నారు, సరే అన్నాను. ఈ ఫిర్యాదులు విచారించే కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, అన్ని రోజుల్లో తేలినవాళ్లను నేను చూడలేదు. తీర్పు మనవైపు వస్తే, కోర్టుకు వెళ్లాలంటే కంపెనీ 75 శాతం ముందే జమ చేయాలి. అందుకే వాళ్లు కూడా అంతదాకా లాగరు.

చలాన్ మీద సీలు, తేదీ పడకుండా ఆటో వెనక్కి రానివ్వకండి. హమాలీ సంతకం పనికిరాదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి. కొని అమ్మేవాళ్లకు ఉద్యమ్ ఇస్తున్నారు గానీ ఈ 45 రోజుల రక్షణ వర్తించదు, పోర్టల్‌కెళ్లి టైం వేస్ట్ చేసుకోకండి. బిల్లు డిస్కౌంట్ చేసుకోవడానికి, అంటే కొంత తగ్గించుకుని ముందే డబ్బు తీసుకోవడానికి, ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది కదా అంటారు. టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు అందులో చేరాలని 2024 నవంబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, నిజమే. చేరినంత మాత్రాన మన బిల్లు ఒప్పుకోవాలని లేదు. జీఆర్ఎన్ కొట్టనివాడు అక్కడ మాత్రం ఓకే కొడతాడా?

సోమవారం కొత్త పీఓ వచ్చింది. క్వాంటిటీ సగానికి తగ్గించారు, పేమెంట్ గడిలో మాత్రం అదే "జీఆర్ఎన్ నుంచి 60 రోజులు". మాల్ అందినప్పటి నుంచి 45 రోజులని మార్చి పంపమని మెయిల్ పెట్టాను. అది వచ్చేదాకా వాళ్ల కోసం రాడ్డు కొయ్యను. ఈలోగా జీడిమెట్ల నుంచి ఒకాయన సగం అడ్వాన్సు ఇచ్చి బుష్‌లు చేయమన్నాడు, రెండు మెషీన్లూ ఆ పని మీదే నడుస్తున్నాయి.