ఫేడర్ మీద నా వేలు

మొన్న మాఘమాసంలో పరకాల దగ్గర ఒక పెళ్లికి సౌండ్ పెట్టాను. ఈ మధ్య పెళ్లంటే డీజే బండే. ఇక్కడ పిల్ల తండ్రికి పాత పాటల పిచ్చి ఉండటంతో పట్టుబట్టి ఆర్కెస్ట్రా పెట్టించాడు. ఇద్దరు సింగర్లు, కీబోర్డ్, ప్యాడ్స్, తబలా, ఒక గిటార్. గిటార్ పిల్లోడికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. మూడో పాటకే పెళ్లికూతురి మేనమామ నా మిక్సర్ దగ్గరికొచ్చి, "తమ్మీ, గా టింగుటింగు జర తగ్గియ్యి, పాట ఇనవడ్తలేదు" అన్నాడు. గిటార్ ఉన్న ఆరో ఛానెల్ ఫేడర్, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట, కిందికి లాగేశాను. ఆయన తృప్తిగా వెళ్లి భోజనాల వరుసలో కూర్చున్నాడు.

ఆ తర్వాతి పాటలో రెండో చరణానికి ముందు ఆ పిల్లోడు ఒక బిట్టు వాయించాడు. అసలు పాటలో అక్కడ వయొలిన్లు ఉంటాయి. స్టేజీ మీద వయొలిన్లు ఎక్కడివి? ఆ వరసంతా ఆరు తీగల మీదికి తెచ్చుకున్నాడు. బొటనవేలు కింద బేస్ కొడుతూనే ఉంది, పైన వరస నడుస్తూనే ఉంది. పెళ్లిలో వెయ్యి మందికి తక్కువ లేరు. ఆ బిట్టు విన్నది హెడ్‌ఫోన్ పెట్టుకున్న నేనూ, వాయించిన వాడూ. వాడికైనా, వాయించేవాళ్లకు వినబడాలని స్టేజీ మీద పెట్టే మానిటర్ బాక్సులో ఎంత వినబడిందో అనుమానమే.

బాక్సులు డీసీఎంలోకి ఎక్కిస్తుంటే అటుగా వచ్చాడు. కోపం ఉంటుందనుకున్నా, లేదు. అలవాటైపోయినట్టుంది. "ఎక్కడ నేర్చుకున్నావ్ తమ్మీ?" అనడిగితే, "కాజీపేటల ఒక అంకుల్ దగ్గర అన్నా. షెడ్డుల చేసి రిటైరైండు" అన్నాడు. నంబర్ తీసుకున్నాను.

హన్మకొండ వచ్చేదాకా నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది. నర్సంపేట, ములుగు, మహబూబాబాద్, జమ్మికుంట, ఎన్ని పెళ్లిళ్లో, ఎన్ని వినాయక మండపాలో. టీ కొట్టు దగ్గర నిలబడి 'మంచి గిటారిస్టులకు మన దగ్గర పేరెందుకు రాదు' అని గంటసేపు మాట్లాడే మనిషిని నేను. ఎవరో వచ్చి తగ్గించమంటే తగ్గించే మనిషినీ నేనే. పేరు రాకుండా పోవడం ఎక్కడో బొంబాయిలో మద్రాసులో జరిగే సంగతి అనుకున్నా గానీ, అందులో నా వేలు కూడా ఉంది.

నేను గిటార్ వాయించలేను, ముందే చెప్తున్నా. 1999లో గివ్సన్ అనే దేశీ కంపెనీ గిటార్ ఒకటి కొన్నాను. దాని తీగలు మెడకు ఎంత ఎత్తులో ఉండేవంటే వాటి కింద నుంచి చిటికెన వేలు దూరేది. ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టాల్సిన ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయాను. ఎఫ్ దగ్గర ఆగిపోయిన వాళ్లందరితో హన్మకొండలో ఒక సంఘం పెట్టొచ్చు. వాయించడం రాలేదు గానీ వినడం వచ్చింది. అప్పటి నుంచి 'ఇది వాయించిందెవరు' అన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

సౌండ్ వాళ్లందరికీ బాక్సులు చెక్ చేసుకునే పాట ఒకటుంటుంది. నాది 1982లో ఇళయరాజా చేసిన తమిళ పాట, 'ఇళయ నిలా'. బాలు గొంతు, దాని చుట్టూ గిటార్. మిడ్, అంటే హెచ్చుకూ తగ్గుకూ మధ్య ఉండే శబ్దం, సరిగ్గా ఉందో లేదో ఆ గిటార్ తీగలు చెప్పేస్తాయి. ఆ గిటార్ వాయించింది చంద్రశేఖర్. ఆ బృందంలో ఏళ్ల తరబడి బేస్ గిటార్ పట్టింది శశిధరన్. ఈ రెండు పేర్లు తెలుసుకోవడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. నా క్యాసెట్ల అట్టల మీద హీరో హీరోయిన్ల ఫొటో, కంపెనీ ముద్ర, పాడినవాళ్లు, రాసినవాళ్లు, అందరూ ఉండేవాళ్లు. వాయించినవాళ్ల పేర్లు మాత్రం ఒక్కదాని మీదా చూడలేదు. ఇళయరాజా కూడా మొదట్లో జి.కె. వెంకటేశ్ బృందంలో గిటార్ వాయించిన మనిషే. ఆయన ఆ కుర్చీలోనే ఉండిపోయి ఉంటే ఆయన పేరు కోసం కూడా నేను ఇలాగే పదిహేనేళ్లు తిరిగేవాణ్ని.

అట్ట మీద పేరుంటే సరిపోతుందా అంటే అదీ లేదు. 1967లో 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' అని హిందుస్థానీ రికార్డు ఒకటి వచ్చింది. దాని గురించి ఎవరినడిగినా సంతూర్ శివకుమార్ శర్మ, వేణువు హరిప్రసాద్ చౌరాసియా అంటారు. అందులో మూడో మనిషి ఉన్నాడు, పేరు కూడా వేశారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా, జోధ్‌పూర్ మనిషి, సరోద్ అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ రాగం పలికించాడు. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్ల దగ్గర వేళ్లతో నొక్కితే స్వరానికీ స్వరానికీ మధ్య మెట్లుంటాయి. కడ్డీ జారిస్తే మెట్లుండవు, గొంతు జారినట్టే జారుతుంది. 2018లో పోయాడు. ఆ రోజు మా సౌండ్ వాళ్ల గ్రూపులో ఒక్కడు కూడా ఆయన మాట ఎత్తలేదు, నాతో సహా. తెలిస్తే కదా. ఆ రికార్డులో తబలా మాణిక్‌రావ్ పోపట్కర్. ఇది కూడా రాస్తున్నా, మళ్లీ నేనే ఒకరి ఫేడర్ దించినట్టు కాకూడదని.

అమెరికా వాళ్లు ఈ రోగానికి విచిత్రమైన మందు కనిపెట్టారు. 'ఎవరికీ తెలియని గొప్ప గిటారిస్టు' అని బిరుదిచ్చి దాన్నే అమ్ముతారు. 1971లో టీవీ వాళ్లు రాయ్ బుకానన్ మీద అలాంటి కార్యక్రమం తీశారు. 1989లో ఒక గిటార్ పత్రిక డానీ గాటన్‌కు అదే బిరుదిచ్చింది. ఇద్దరూ వాషింగ్టన్ చుట్టుపక్కల వాయించినవాళ్లే, ఇద్దరి చేతిలోనూ టెలికాస్టర్ రకం ఎలక్ట్రిక్ గిటారే. గాటన్ వీడియో ఒకటి చూశాను. బీరు సీసాను తీగల మీద జారుస్తూ వాయిస్తాడు, బీరంతా మెడ మీద కారుతుంది. అప్పుడు తువ్వాలు తీసి తుడుస్తూ, ఆ తువ్వాలు అలాగే ఉండగానే దాని మీద నుంచి వాయించేస్తాడు. ఒక్క స్వరం తప్పదు. మా ఇంట్లో అన్నం తింటూ చూసి పొలమారింది నాకు. ఆయనకు ఊళ్లు తిరగడం ఇష్టముండేది కాదు. పాత కార్లు విప్పి బిగించుకోవడం ఇష్టం. పెద్ద కంపెనీకి 1991లో చేసిన ఆల్బంకు తన చిన్నప్పటి ఇంటి అడ్రసు పేరుగా పెట్టాడు. 1988లో రాయ్, 1994లో డానీ పోయారు. ఇద్దరివీ మంచి చావులు కావు, ఆ వివరం ఇక్కడ రాయను. ఆ బిరుదు వల్ల వాళ్లకు ఒరిగిందేమిటో నాకైతే అర్థం కాలేదు.

నా మనసు పట్టేసింది మాత్రం ఇంకొకామె. ఎట్టా బేకర్. 1913లో ఉత్తర కరోలినాలో పుట్టిన నల్లజాతి మనిషి. మూడేళ్లప్పుడు తండ్రి దగ్గర గిటార్ మొదలుపెట్టింది. పెళ్లయ్యింది, తొమ్మిది మంది పిల్లలు, బట్టల మిల్లులో ఉద్యోగం. 1956 ఎండాకాలంలో బ్లోయింగ్ రాక్ అనే ఊరి దగ్గర ఒక పెద్ద భవనం చూడటానికి ఇంటిల్లిపాదీ వెళ్లారు. ఆ భవనం కట్టించింది మోజెస్ కోన్, డెనిమ్ బట్ట మిల్లులతో కోట్లు గడించినాయన. అక్కడ పాల్ క్లేటన్ అనే జానపద గాయకుడు కనబడ్డాడు. ఎట్టా తండ్రి ఆయన దగ్గరికెళ్లి 'మా అమ్మాయి వాయిస్తుంది, ఒకసారి విను' అని అడిగాడు. విన్నాడు. మర్నాడు టేప్ రికార్డర్ మోసుకుని ఆమె ఇంటికే వచ్చేశాడు. ఆ టేపు రికార్డుగా వచ్చింది. గిటార్ నేర్చుకునే పిల్లలు దాన్ని అరగదీసి విన్నారు. ఆమె మాత్రం మళ్లీ మిల్లుకే వెళ్లింది. అరవయ్యో ఏట గానీ మానలేదు. సొంత పేరుతో మొదటి ఆల్బం 1991లో, అప్పటికి 78 ఏళ్లు. 2006లో 93 ఏళ్లకు పోయింది.

మిల్లు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా తాత ఆజంజాహి మిల్లులో స్పిన్నింగ్‌లో చేశాడు. 1934లో నిజాం పెట్టిన మిల్లు, ఇప్పుడు లేదు. యంత్రాల హోరుకు తాతకు ఒక చెవి పోయింది. ఆ ఒక్క చెవితోనే భజనల్లో హార్మోనియం వాయించేవాడట, చుట్టుపక్కల వాడల నుంచి వచ్చి పిలుచుకుపోయేవాళ్లట. 'అట' అనే రాయాలి. ఒక్క నిమిషం రికార్డు లేదు. మా నాయినను అడిగితే "మంచిగ కొట్టెటోడు" అంటాడు. ఎంత మంచిగ, ఎట్ల మంచిగ? అదెవరు చెప్తారు. ఎట్టా బేకర్ తండ్రి ఆ రోజు మొహమాటపడి ఊరుకుని ఉంటే ఆమె మనవళ్లు కూడా ఇలాగే 'అట' అనుకునేవాళ్లు.

ఇక కాజీపేట. మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయిపోయాక రమ్మన్నాడు అంకుల్. రైల్వే కాలనీ దాటాక రెండు గదుల ఇల్లు. డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా ముప్పై నాలుగేళ్లు చేశాడు. గోడకు గిటార్, దాని పక్కన క్యాలెండర్. గిటార్ పాతదే గానీ మెడ సాపుగా ఉంది. తీగల కింద బ్రిడ్జి ముక్కను షెడ్డులో ఆకురాయితో తనే అరగదీసుకున్నాడట. నా గివ్సన్ కూడా ఈయన దగ్గరికి తెచ్చి ఉంటే ఎఫ్ దాటేవాణ్నేమో.

సినిమా పాట ఏదైనా వాయించమన్నాను. "లెంట్ రోజులు బాబూ, ఈస్టర్ దాకా అవి ముట్ట" అన్నాడు. ఈస్టర్ ముందు వచ్చే ఉపవాసాల రోజులవి. చర్చి కీర్తనల పాత పుస్తకం తీశాడు. అందులో చాలా కీర్తనల పైన రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి. మోహనలో ఉన్నది ఒకటి తీసి మొదలుపెట్టాడు. బొటనవేలు కింద నడక వేస్తోంది, చూపుడు వేలు పైన కీర్తన పాడుతోంది. మిగతా మూడు వేళ్లు ఊరికే ఉన్నాయి. పరకాల పిల్లోడి చేతిలో నేను విన్నది ఇదే. వాడు అయిదు వేళ్లతో పడే కష్టం ఈయన రెండింటితో పడుతున్నాడు. అసలు పడుతున్నట్టే లేదు.

"రెండు వేళ్లేనా అంకుల్?"

కుడిచెయ్యి చాపి చూపించాడు. మధ్యవేలు, ఉంగరపు వేలు వంకర. 1983లో షెడ్డులో ఏదో ఇనుప భాగం కింద పడి నలిగాయట. "ఆరు నెలలు గిటార్ పట్టలే. తర్వాత ఏమున్నయో వాటితోనే సూసుకున్న" అన్నాడు, అంతే. నేను ఇంకా అడగబోతే చాయ్ పెట్టడానికి లేచాడు.

ఫోన్‌లో ఎట్టా బేకర్ వీడియో చూపించాను. ఆమెదీ బొటనవేలు, చూపుడు వేలే. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లుతాయని నేను లోపల కొంచెం ఆశపడ్డ మాట నిజం.

"ఈమెకు వేళ్లన్ని మంచిగనే ఉన్నయి గద, మరి రెండిటితోనే ఎందుకు కొడ్తున్నది?" అన్నాడు.

వాళ్ల వైపు అదొక పద్ధతి అంకుల్, అన్నాను. "మిల్లుల చేసిందా? పింఛను వచ్చిందా?" అనడిగాడు. నాకు తెలియదన్నాను. మళ్లీ చూసి, ఆమె బొటనవేలు ఒక చోట తీగను ఆపి వదలడం పట్టుకున్నాడు. గిటార్ తీసి నాలుగు నిమిషాలు దాని మీదే కూర్చున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, కొత్త బిట్టు దొరికిన పిల్లాడిలా నన్ను మర్చిపోయాడు.

ఆ మధ్యలోనే ఇంకొకామె సంగతి చెప్పాను. ఎలిజబెత్ కాటన్, ఎడమచేతి వాటం, గిటార్‌ను తిరగేసి పట్టుకుని తనంతట తనే నేర్చుకుంది. లోకం పాటలు వాయించొద్దని చర్చి పెద్దలు చెప్తే గిటార్ పక్కన పెట్టేసింది. ఏళ్లు గడిచాక ఒక సంగీతకారుల ఇంట్లో పనికి చేరితే అక్కడ గోడకున్న గిటార్ చూసి మళ్లీ అందుకుంది. 1985లో గ్రామీ వచ్చేనాటికి తొంభై దాటాయి. అంకుల్ తల పైకెత్తి, "నాకు గిటార్ ఇచ్చిందే చర్చోళ్లు" అన్నాడు, కొంచెం గర్వంగా. చర్చి పాత గిటార్ మెడ విరిగితే పారేయబోతుంటే తెచ్చుకుని షెడ్డులో అతికించాడట, అదీ కథ.

మరుసటి ఆదివారం నేను ఒక మైకు, చిన్న రికార్డర్ తీసుకెళ్లాను. ఫ్యాన్ ఆపేశాం. ఇద్దరికీ చెమటలు. పక్కింటి కుక్కర్ మూడు విజిళ్లు వేసేదాకా ఆగాం. నాలుగో టేక్ బాగా వచ్చింది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. రెండు నిమిషాలు దాటాక గూడ్సు బండి ఒకటి గట్టిగా కూత వేసింది. "దాన్ని తీసేస్తా అంకుల్, సాఫ్ట్‌వేర్ ఉంది" అన్నాను. "ఎందుకు, ఉండనియ్యి. స్వరంలనే ఉన్నది" అన్నాడు. ఇంటికెళ్లి చూశాను. పూర్తిగా స్వరంలో లేదు, కొంచెం కిందుంది. అయినా తియ్యలేదు.

పేరు రాస్తానంటే వద్దన్నాడు. "నా పేరెందుకు, ఆ పోరని పేరు రాయి, వాడు ఇంకా కొట్టాల్సినోడు" అన్నాడు. పిల్లోడికి ఫోన్ చేస్తే, "అంకుల్ పేరు రాయకుంట నాది రాస్తవా అన్నా, బాగుండదు" అన్నాడు. నేను ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి అలసిపోయాను. అందుకే ఈ పోస్టులో ఇద్దరి పేర్లూ లేవు. ఈస్టర్ తర్వాత మళ్లీ అడుగుతా.

వచ్చే నెల నర్సంపేటలో ఒక రిసెప్షన్ ఉంది, అదే ఆర్కెస్ట్రా. మిక్సర్‌లో ఆరో ఛానెల్ దగ్గర ఒక నల్ల టేపు ముక్క అంటించాను, ఫేడర్ దానికన్నా కిందికి దిగదు. మేనమామలు ఎలాగూ వస్తారు. వచ్చినప్పుడు వాళ్ల కళ్ల ముందే పన్నెండో ఛానెల్ కిందికి లాగుతాను. దాంట్లో ఏ వైరూ ఉండదు.