హ్వార్ పొలాల్లో వాన, ఒక రాతి గుడిసె

క్రొయేషియాలోని హ్వార్ దీవికి జనం బీచ్‌ల కోసం వెళ్తారు. మేమిద్దరం మాత్రం స్ప్లిట్ నగరం నుంచి రెండు గంటల ఫెర్రీ ప్రయాణం చేసి, స్టారీ గ్రాడ్‌లో అద్దె సైకిళ్లు తీసుకుని పొలాల మీద పడ్డాం. మా ఆవిడ ముఖం చూడాలి ఆ రోజు!

ఊరి పక్కనే మైదానం. క్రీ.పూ. 384లో పారోస్ దీవి నుంచి వచ్చిన గ్రీకులు ఈ నేలను దాదాపు 900 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు కమతాలుగా కొలిచి పంచుకున్నారట. ఆ గట్లు చాలావరకు అలాగే ఉన్నాయి, వాటి మధ్య ద్రాక్ష, ఆలివ్ ఇంకా పండుతున్నాయి, అందుకే 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర తాత వేసిన గట్టు మనవడి నాటికే రెండడుగులు జరుగుతుంది, పైగా కోర్టు కేసు కూడా.

నా కళ్లు మాత్రం ట్రిమ్‌ల కోసం వెతుకుతున్నాయి. పొలంలో ఏరి పారేయాల్సిన రాళ్లతోనే, సున్నం గానీ మట్టి గానీ లేకుండా కట్టే గుండ్రటి గుడిసెలవి. కాపురానికి కాదు, పనిముట్లు పెట్టుకోవడానికి, ఎండావానల్లో తలదాచుకోవడానికి. ఒకటి దొరికేసరికి సరిగ్గా చినుకులు మొదలయ్యాయి, సైకిళ్లు గోడకి ఆనించి నడుం వంచి లోపలికి దూరాం.

లోపల చల్లగా, చీకటిగా, మట్టి వాసన. కళ్లు అలవాటు పడ్డాక పైకి చూస్తే అర్థమైంది: ఒక్కో వరుస రాళ్లు కింది వరుస కంటే కాస్త లోపలికి జరిగాయి, అలా చుట్లు చిన్నవవుతూ పోయి చివర ఒక్క పలకరాయితో మూసేశారు. కమాను లేదు, దూలం లేదు, పైరాయి బరువే కింది రాయిని పట్టి ఉంచుతోంది. వేలు పెట్టి చూస్తే పెద్దరాళ్ల సందుల్లో చిన్న చిన్న రాతిముక్కలు బిగించి ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. నేను లాగబోతుంటే ఆవిడ చేతి మీద ఒక్కటిచ్చింది.

అరగంట దంచికొట్టింది వాన. గోడ వెంట ఒకచోట సన్నగా తడి దిగింది, అంతే.

"మన స్లాబు వేసినాయన్ని ఒకసారి ఇక్కడికి తీసుకురావాలండీ," అంది ఆవిడ. కిందటి జూలైలో హాల్లో పెట్టిన మూడు బకెట్లు గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. బయటికొచ్చేసరికి సైకిల్ సీట్లు తడిసి ముద్దయ్యాయి.