గురువు పొరపడితే ఆ తప్పు ఎవరిది?

మత స్థాపకులూ ఆచార్యులూ పొరపాటు చేయనే చేయరన్న నమ్మకం హైదరాబాదులో ఏ సత్సంగానికి వెళ్ళినా ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. కూకట్‌పల్లిలో ఈమధ్య ఒక ప్రవచనకర్త "గురువుగారి మాటే వేదం, అందులో తప్పు వెతకడం మహాపాపం" అన్నారు. అయితే వేదం అపౌరుషేయమని, అంటే ఏ మనిషీ రచించనిదని, నిలబెట్టిన మీమాంసకులు (వేదవాక్యాల అర్థాన్ని విచారించే దర్శనం వారు) తమ వాదాన్ని మొదలుపెట్టిందే మనుషుల మాట మీద అపనమ్మకంతో. చెప్పేవాడు భ్రమపడవచ్చు, ఏమరవచ్చు, మోసగించాలనీ అనుకోవచ్చు కనుక కర్త లేని వాక్కుకే తిరుగులేని ప్రామాణ్యం అన్నారు వారు. తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడు చదువు ముగిసిన శిష్యుణ్ణి సాగనంపుతూ, మా నడవడిలో మంచివేవో వాటినే అనుసరించు, తక్కినవాటిని వద్దు అని స్పష్టంగా చెబుతాడు. దానికి కాస్త ముందు వచ్చే 'ఆచార్యదేవో భవ' బడి గోడల మీద కనిపిస్తుంది గానీ, ఈ మాటను ఏ గోడ మీదా నేను చూడలేదు.

శంషాబాద్ దగ్గరి ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని చూడని నగరవాసులు తక్కువ. గురుపరంపర కథల ప్రకారం, రామానుజులు తిరుక్కోష్టియూర్‌కు పద్దెనిమిది సార్లు తిరిగితే గాని గోష్ఠీపూర్ణులు ఆయనకు మంత్రార్థం ఉపదేశించలేదు. ఉపదేశించాక కూడా, ఇతరులకు చెబితే నరకమేనని ఆంక్ష పెట్టారు. రామానుజులు నేరుగా గోపురమెక్కి అందరికీ చాటారు. ఈ కథ చెప్పేవారందరూ శిష్యుడి కరుణ దగ్గర గొంతు పెంచి, ఆ తర్వాతి ఘట్టాన్ని తొందరగా దాటేస్తారు. నిజానికి నాకు ముఖ్యమనిపించేది అదే: మండిపడుతూ వచ్చిన గురువు, ఇంతమంది తరిస్తే నేనొక్కణ్ణి నరకానికి పోయినా పరవాలేదన్న జవాబు విని, తనకు కలగని దయ శిష్యుడికి కలిగిందని ఒప్పుకొని, ఆయనను కౌగిలించుకున్నారు. ఆంక్ష గురువుది, దాన్ని దాటింది శిష్యుడు, తగ్గింది గురువు. అయినా సంప్రదాయం గోష్ఠీపూర్ణులను ఆచార్య స్థానం నుంచి దించలేదు.

దోషరహితత్వాన్ని సిద్ధాంతంగా చెప్పిన మతాలు కూడా చాలాచోట్ల దానికి హద్దులు గీశాయి. కేథలిక్ సంఘం 1870లో పోపుకు దీన్ని ఆపాదించినా, విశ్వాస నైతిక విషయాలలో సంఘమంతటికీ కాపరిగా చేసే అంతిమ నిర్ణయాలకే పరిమితం చేసింది. ఆ తర్వాత ఈ అధికారం వాడినందుకు అందరూ చూపే ఉదాహరణ మరియమాత శరీరంతోనే పరలోకానికి చేరిందన్న 1950 నాటి మోక్షారోపణ ప్రకటన. ఇస్లాంలో ప్రవక్తలకు తప్పుల నుంచి రక్షణ ఉందన్న విశ్వాసం బలమైనదే. పాతబస్తీ ఆషూర్‌ఖానాలలో మొహర్రం మాతం (శోకం) చేసే షియాలు దాన్ని బీబీ ఫాతిమాకూ పన్నెండు మంది ఇమాములకూ కూడా వర్తింపజేస్తారు. అదే ఇస్లాంలో, మదీనా రైతులు ప్రవక్త అభిప్రాయం విని ఖర్జూర చెట్లకు పుప్పొడి అద్దడం మానేస్తే కాపు తగ్గిందనీ, మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసునని అప్పుడు ఆయన అన్నారనీ చెప్పే హదీసు (ప్రవక్త మాటలను, చేతలను తెలిపే కథనం) సహీహ్ ముస్లిం అనే ప్రామాణిక సంకలనంలో ఉంది. ఇంత నిక్కచ్చిగా హద్దు చెప్పిన మాటను మన గురువుల నోట నేను విన్నది అరుదు.

ఇప్పటి శిష్యులు చెరిపేసింది సరిగ్గా ఆ హద్దునే. ఇల్లు కొనాలన్నా, అమ్మాయికి సంబంధం ఖాయం చేయాలన్నా, మందులు వాడాలన్నా గురువుగారిని అడుగుతారు. మా బంధువు ఒకాయన అలాగే షుగరు మాత్రలు మానేశారు. అరికాలి పుండు మానక, చివరికి ఒక వేలు తీసేయించుకుని ఆసుపత్రి మంచం మీద ఉండి కూడా, "గురువుగారు చెప్పిన నియమం నేనే సరిగ్గా పాటించలేదు" అన్నారు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. గురువు పొరపడడని ముందే తేల్చేసుకుంటే, జరిగిన తప్పు మాయమైపోదు, శిష్యుడి నెత్తిన పడుతుంది. ఫలితం బాగుంటే గురుకృప, బెడిసికొడితే విశ్వాసలోపం. పైగా అంతమంది గురువులలో ఈయనే తప్పు చేయనివాడని ఎంచుకున్నది పొరపడగల మన బుద్ధే కదా అని అడిగితే, ఆ ఎంపిక కూడా గురువుగారే చేయించారంటారు.

ఎవరి మాట నమ్మాలో తెలియక తనను అడిగిన కాలాములనే ప్రజలకు బుద్ధుడు, ఈయన మా గురువు అన్న కారణంతో దేన్నీ ఒప్పుకోవద్దన్నాడు. మా బంధువుకు ఈ సంగతి చెప్పి చూశాను. ఆయన ఓపికగా విని, ఇన్సులిన్ వేసుకుని, మా గురువుగారూ సరిగ్గా అదే చెబుతారన్నారు.