ర్యాంపు మధ్యలో హైబ్రిడ్ ఆపితే

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు చూసినోళ్లు ఎవరైనా ఇది ర్యాంపా గోడా అని అడుగుతారు. బిల్డర్ ఇంకో రెండు పార్కింగ్‌లు అమ్ముకోడానికి దాని పొడుగు కోసేశాడని మా అందరి అనుమానం. పైగా గేటు దగ్గర మలుపు, రోడ్డు మీద ఏం వస్తుందో కనబడి చావదు, అందుకని ప్రతి ఒక్కడూ ర్యాంపు మధ్యలో ఆగి వాచ్‌మెన్ చెయ్యి ఊపేదాకా ఎదురుచూడాల్సిందే. పదేళ్లు పాత డీజిల్ కారుతో ఈ పని హాఫ్ క్లచ్ మీద కానిచ్చేశా, క్లచ్ ప్లేట్లు ఎన్ని మార్చానో అడక్కండి.

పోయినేడు హైబ్రిడ్ కొన్నా, అంటే పెట్రోల్ ఇంజనూ, బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉన్న బండి. మొదటి వారమే పరువు పోయింది. ర్యాంపు మధ్యలో ఆపా, ఇంజన్ ఆఫ్, చీమ చిటుక్కుమన్న సౌండ్ లేదు, సరే ఆటోమేటిక్కే కదా అదే పట్టుకుని ఉంటుందిలే అని బ్రేక్ మీద కాలు తీశా. నిజంగానే కదలకుండా నిలబడింది. అబ్బా ఏం బండిరా అనుకుంటూ వాచ్‌మెన్ వైపు చూస్తున్నా, అంతలో అతనే అరిచాడు, "సార్ బండి ఎన్కకొస్తుంది సార్!" అని. గట్టిగా బ్రేక్ తొక్కితే వెనక పిల్లర్‌కి జానెడు దూరంలో ఆగింది.

అది పట్టుకున్నది హిల్ హోల్డ్. కాలు బ్రేక్ మీంచి యాక్సిలరేటర్ మీదకి మారేలోపు ఒక రెండు సెకన్లు బ్రేకుల్ని అలాగే బిగించి ఉంచుతుంది, తర్వాత వదిలేస్తుంది. వాచ్‌మెన్ చెయ్యి ఊపేదాకా ఉంచడం దాని డ్యూటీ కాదు. మరి ఆటోమేటిక్ బండి బ్రేక్ వదిలితే దానంతటదే మెల్లగా ముందుకి పాకుతుంది కదా, ఆ బలం ఏమైంది అని నాకు డౌటు. మామూలు ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ చక్రాల్ని కొంచెం తోస్తూనే ఉంటుంది. టయోటా ప్రియస్ దగ్గర్నుంచి ఇప్పుడు మనకి దొరికే హైరైడర్ దాకా ఈ రకం హైబ్రిడ్‌లలో అది లేదు, క్లచ్చూ లేదు. ఒక గేర్ల గుత్తి, రెండు మోటార్లు, ఇంజన్, అంతే. చదును రోడ్డు మీద పాకడం అనేది జనానికి అలవాటని సాఫ్ట్‌వేర్ కావాలని మోటార్‌తో చేయించే నాటకం. బ్రేక్ నొక్కి ఉంటే ఆ నాటకం కూడా ఆపేస్తుంది. మా ర్యాంపు లాంటి ఎత్తు మీద ఆ కాస్త బలం దేనికీ చాలదు.

సరే, నేను తెలివిగా ఇంకో దారి కనిపెట్టా. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం ఆనించి పెడితే బండి ఎత్తు మీద అలా బొమ్మలా నిలబడుతోంది, క్లచ్ వాసన లేదు, వణుకు లేదు, సౌండ్ లేదు. రెండు నెలలు ఇదే చేశా, పక్క ఫ్లాట్ ఆయనకి కూడా చూపించి గొప్పలు పోయా. ఒకరోజు ముందు సీట్లో కూర్చున్న మా అమ్మాయి స్క్రీన్ చూసి "నాన్నా, కారు కదలట్లేదు కదా, మరి బ్యాటరీ నుంచి చక్రానికి బాణం ఎందుకు వెళ్తోంది?" అంది. చూస్తే నిజమే, కదలని బండికి కరెంట్ పోతూనే ఉంది.

ఇంటికొచ్చి అప్పటిదాకా ప్లాస్టిక్ కవర్ కూడా తీయని మాన్యువల్ తీసి చదివితే, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచొద్దని రాసే ఉంది. కారణం మన వంటింట్లోనే ఉంది, మిక్సీలో పిండి మరీ గట్టిగా ఉండి బ్లేడ్ ఇరుక్కుంటే మోటార్ మూలుగుతూ మాడు వాసన వస్తుంది చూడండి, అదే. మోటార్ తిరుగుతుంటే కరెంట్ మూడు ఫేజుల మధ్య, అంటే దానిలోని మూడు తీగచుట్ల మధ్య మారుతూ ఉంటుంది, వేడి అందరూ పంచుకుంటారు. తిరక్కుండా బలం మాత్రం పెడుతూ ఉంటే ఆ భారం ఎక్కడ మొదలైందో అక్కడే ఉండిపోతుంది, అక్కడి వైరింగూ, బ్యాటరీ కరెంట్‌ని మోటార్‌కి పంపే ఇన్వర్టర్‌లో దాని స్విచ్చులూ మాత్రమే కాగుతాయి. మరీ వేడెక్కితే సిస్టమ్ వార్నింగ్ చూపించి పవర్ తగ్గించేస్తుంది, అంటే సరిగ్గా ఎత్తు మీద ఉన్నప్పుడే. డీజిల్ కారులో హాఫ్ క్లచ్ కనీసం కంపు కొట్టి చెప్పేది, ఇది చెప్పదు.

తర్వాత తిరుపతి వెళ్లినప్పుడు అలిపిరి తనిఖీ క్యూలో బుద్ధిగా ప్రతిసారీ హ్యాండ్‌బ్రేకే. వెనక సీట్లో మా నాన్న గారు మాత్రం ఊరుకోలేదు. "ఇంజన్ ఆగిపోయిందిరా, రెండు సార్లు తొక్కితే బ్రేక్ రాయిలా అయిపోతుంది, గేర్లో పెట్టు" అని ఒకటే కంగారు. ఆయన నడిపిన బండ్లకి అది నిజమే, బ్రేక్ బూస్టర్‌కి ఇంజన్ వాక్యూమ్ కావాలి. ఇందులో ఇంజన్ మాటిమాటికీ ఆగేదే కాబట్టి బ్రేక్‌కి దాంతో పని లేకుండా చేశారు, బండి ఆన్‌లో ఉందని చెప్పే రెడీ లైట్ డ్యాష్‌బోర్డ్ మీద వెలుగుతుంటే చాలు. ఇంతలో ఏసీ వాడకానికి బ్యాటరీ తగ్గి ఇంజన్ దానంతటదే స్టార్టయింది, నాన్న గారు సీటు పట్టుకున్నారు. నిలబడ్డ బండి నిలబడ్డట్టే ఉంది, చార్జింగ్ కోసం తిరిగిందంతే. అందుకే సిగ్నల్ దగ్గర న్యూట్రల్ వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు, న్యూట్రల్‌లో బ్యాటరీకి చార్జింగ్ ఎక్కదు.

పైన పార్క్ చేసేటప్పుడు కూడా ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాత బ్రేక్ మీద కాలు తీసి బండి బరువు దాని మీద పడనిచ్చి, అప్పుడు పార్కింగ్‌లో పెట్టాలి. తిరగేసి చేస్తే బరువంతా గేర్‌బాక్స్‌లో ఉన్న చిన్న లోహపు పన్ను మీద వేలాడుతుంది, మళ్లీ తీసేటప్పుడు టక్కుమని చప్పుడు.

దిగేటప్పుడు ఇంకో సంగతి. తిరుమలకి కిందకీ పైకీ దాదాపు ఏడు వందల మీటర్ల తేడా. కారూ మనుషులూ కలిపి టన్నున్నర అనుకుంటే, లెక్క ప్రకారం ఆ దిగుడులో రెండున్నర యూనిట్ల పైనే కరెంట్ ఉంది. హైరైడర్ హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం కలిపి 0.76 యూనిట్లు! రోడ్డు సగం కాకముందే బార్లు నిండిపోయాయి, ఆ తర్వాత బీ మోడ్‌లో, అంటే దిగుడులో బండిని పట్టి ఉంచడానికి గేర్ లివర్ మీద ఇచ్చిన స్థానంలో, ఇంజన్ గుర్రుమని తిరిగింది, పెట్రోల్ తాగడానికి కాదు, బండిని పట్టి ఆపడానికి. కిందకి 40 నిమిషాలు పట్టాలన్నది అక్కడి రూలు కాబట్టి తొందరేమీ లేదు.

ఇప్పుడు నా బాధల్లా రివర్స్. ఈ బండికి వేరే రివర్స్ గేర్ లేదు, మోటార్ వెనక్కి తిరుగుతుంది, ఇంజన్ దానికి సాయం రాదు, చార్జింగ్ మాత్రం పెట్టగలదు. ఎదురుగా బండి దిగుతుంటే నేను ర్యాంపు వెనక్కే కదా దిగేది, ఫర్వాలేదు. కానీ సెల్లార్‌లో తిప్పుకోడానికి చోటు లేనిరోజు మొత్తం ర్యాంపు వెనక్కే ఎక్కాల్సి వస్తుంది, రెండు బార్ల బ్యాటరీతో ఒకసారి ట్రై చేశా, మూలిగింది కానీ మధ్యలోనే ఆగింది. ఇప్పుడు సాయంత్రం వచ్చినప్పుడే ముక్కు గేటు వైపు పెట్టి పార్క్ చేస్తున్నా. వాచ్‌మెన్ మాత్రం నేను ర్యాంపు ఎక్కుతుంటే ఇప్పటికీ ఆ పిల్లర్ దగ్గర నిలబడడు.