గేసూదరాజ్ గుమ్మటం కింద ఒక మధ్యాహ్నం

హైదరాబాద్ నుంచి ముంబయి వైపు వెళ్లే రైలు వాడి జంక్షన్ దాటిన కాసేపటికి షాబాదు వస్తుంది. మా తరం వాళ్లలో చాలామంది పాకడం నేర్చుకున్నది ఆ ఊరి పేరు మోసే బండల మీదే కాబట్టి, కిటికీలోంచి గనుల గుంతలూ, ఒడ్డున నిలువుగా పేర్చిన బూడిదరంగు పలకలూ కనిపిస్తే పరాయి రాష్ట్రంలో ఉన్నట్టు అనిపించలేదు. 1956 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే కదా. ఆ తరువాత కలబురగి. 2014లో పేరు మారినా, మా బోగీలో దిగడానికి లేచిన వాళ్లందరూ గుల్బర్గా అనే అన్నారు.

నేను బయలుదేరింది మొక్కు తీర్చుకోవడానికి కాదు. గేసూదరాజ్ అని కూడా పిలిచే ఇక్కడి సూఫీ గురువు ఖాజా బందానవాజ్ గురించి పుస్తకాల్లో చదివిన దానికీ, తాండూరు ప్రాంతంలో చిన్నప్పటి నుంచి విన్న దానికీ పొంతన కుదరక, ఆ సంగతి అక్కడే కూర్చుని ఆలోచిద్దామని వెళ్లాను. మా వైపు ఆయనంటే అడిగిందల్లా ఇచ్చే తాత. ఆయన అసలు పేరు సయ్యద్ మహమ్మద్ హుసేనీ. పుస్తకాల్లోని ఆ హుసేనీ మాత్రం కురాను వ్యాఖ్యానమూ, ధర్మశాస్త్రమూ క్షుణ్ణంగా చదివిన పండితుడు. మాటలో, ఆచారంలో రాజీపడని మనిషి.

దర్గాకు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. చెప్పులు విడిచి, తలకు చేతిరుమాలు కట్టుకుని ఆవరణలోకి అడుగుపెడితే కాళ్లు చుర్రుమన్నాయి. నీడ పడిన చోటల్లా వెతుక్కుంటూ, ఇంచుమించు గెంతుతూ వెళ్లి గుమ్మటం చేరాను. లోపల గులాబీల వాసన, అగరుపొగ. సమాధి మీది చాదరు పూల బరువుకు ఒక పక్కకు జారితే, దర్గా సేవ చూసే ముజావరు ఒకడు దాన్ని పసిపిల్లకు దుప్పటి సర్దినట్టు రెండు చేతులతో పైకి లాగి, ఆ చేత్తోనే నెమలీకల కట్ట అందుకుని నా తల మీద తాకించాడు.

ఆ సమాధిలో ఉన్నాయన 1321లో ఢిల్లీలో పుట్టాడు. మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు తరలించిన కాలంలో తల్లిదండ్రుల వెంట పసివాడుగా దక్కనుకు వచ్చి, తండ్రిని ఇక్కడి మట్టికే అప్పగించి, పదిహేనేళ్ల ప్రాయంలో తిరిగి ఢిల్లీ చేరాడు. అక్కడ చిష్తీ అనే సూఫీ శాఖకు చెందిన గురువు నసీరుద్దీన్‌కు శిష్యుడయ్యాడు. ఢిల్లీ దీపమని, చిరాగ్ దెహ్లవీ అని జనం పిలుచుకున్నది ఈ నసీరుద్దీన్‌నే. ఒకసారి గురువు పల్లకీ మోస్తుండగా శిష్యుడి పొడవాటి జుట్టు పల్లకీలో చిక్కుకుందట. ఆపమంటే గురువుకు ఇబ్బంది కలుగుతుందని, కుదుళ్లు లాగుతున్నా నోరు మెదపకుండా దారంతా నడిచాడట. గేసూ అంటే కురులు, దరాజ్ అంటే పొడవు. గేసూదరాజ్ అన్న పేరు అలా వచ్చిందంటారు.

నాకు దీనికన్నా మరో కథ ఎక్కువ నచ్చుతుంది. 1356లో చిరాగ్ దెహ్లవీ కన్నుమూసేటప్పుడు తన అంగీ, చేతికర్ర, జపమాల ఎవరికీ ఇవ్వకుండా తనతోపాటే పాతిపెట్టమన్నాడు. గురువు అంగీ అందుకున్నవాడే వారసుడన్నది సూఫీల ఆనవాయితీ. గురువు దేహానికి స్నానం చేయించిన గేసూదరాజ్, ఆ మంచపు నులకతాళ్లు విప్పి మెడలో వేసుకుని, నాకు ఇదే అంగీ అన్నాడని చెబుతారు. తడిసిన నులక మెడకు ఎంత గరుకుగా తగులుతుందో ఆ మంచాలు నేసిన ఇళ్లవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాత నలభై ఏళ్లకు పైగా ఢిల్లీలోనే బోధించాడు. 1398లో తైమూరు సేన ఢిల్లీ మీద పడుతున్న వేళ, ఎనభైకి చేరువైన వయసులో ఇల్లూవాకిలీ వదిలి, గ్వాలియర్, గుజరాత్ మీదుగా నడిచి, దౌలతాబాద్ దగ్గరి ఖుల్దాబాద్‌లో తండ్రి సమాధి దర్శించుకుని, 1400 ప్రాంతంలో, గుల్బర్గా రాజధానిగా దక్కనును ఏలుతున్న బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా పిలుపు మీద గుల్బర్గా చేరాడు. కృష్ణా రామా అనుకోవలసిన వయసు అంటామే, ఆ వయసులో కొత్త ఊళ్లో మళ్లీ బడి పెట్టి ఇరవై రెండేళ్లు నడిపాడు.

ఆయన బోధన గురించి నేను పొరపడిన చోటు ఒకటుంది. సూఫీ అనగానే అన్ని మతాలూ ఒకటేనని పాడుకునే మనిషిని ఊహించుకోవడం మనకు అలవాటు. ఈయన అలాంటివాడు కాడు. శాస్త్రవిధిని విడిచిన ఆధ్యాత్మికతను ఒప్పుకోలేదు. ఉన్నదంతా ఒకే సత్త అన్న సూఫీ తత్త్వవేత్త ఇబ్న్ అరబీ సిద్ధాంతాన్ని ఖండించాడు. సంస్కృత గ్రంథాలు చదివి బ్రాహ్మణులతో వాదానికి దిగానని చెప్పుకున్నాడు. ఆ చదువు సమన్వయం కోసం కాదు, గెలుపు కోసం. అయినా పాట దగ్గరికి వచ్చేసరికి వేరే మనిషి కనిపిస్తాడు. కొడుకు అక్బర్ హుసేనీ సేకరించిన ఆయన సంభాషణల్లో, ఒక్కో భాషకు ఒక్కో గుణం ఉంటుందనీ, హిందవీ పాటలోని మెత్తదనం మనసును కరిగించి వినయం కలిగిస్తుందనీ అంటాడు. పారసీలో పుట్టి పెరిగిన పండితుడు జనభాష పాటకు ఆ గౌరవం ఇవ్వడం చిన్న విషయం కాదు. దక్కనీ ఉర్దూలో తొలి గద్యరచన ఆయనదేనన్న ప్రచారాన్ని మాత్రం నేటి పరిశోధకులు చాలామంది ఒప్పుకోరు.

బయట వరండాలో ఒక ముసలామె కొంగు పరిచి మనవడికి మలీద తినిపిస్తోంది. తెలుగు వినబడి పలకరించాను. తాండూరు దగ్గరి పల్లె వాళ్లట.

"మా అత్తమ్మ ఉన్నప్పటి సంది వస్తున్నం బిడ్డా. కందూరు మొక్కు మిగిలిపోయింది, పోయినేడు చేసినం," అంది.

ఆయన ఎవరో తెలుసా అని అడగబోయి మానుకున్నాను. బ్రాహ్మణులతో వాదించిన సంగతి ఆమెకు చెప్పి నేను సాధించేదేముంది?

సాయంత్రం దగ్గర్లోనే ఉన్న హఫ్త్ గుంబజ్‌కు వెళ్లాను. బహమనీ రాజుల సమాధుల్లో జంట గుమ్మటాలున్న పెద్ద కట్టడం ఫిరోజ్ షాది. అనేక భాషలు తెలిసిన వాడు, 1407లో దౌలతాబాద్ దగ్గర వేధశాల కట్టించడం మొదలుపెట్టిన వాడు. ఆదరించి పిలిచిన గురువుకూ ఆయనకూ త్వరలోనే చెడింది. గురువుకు లౌకిక శాస్త్రాల్లో పట్టు లేదని రాజుకు అసంతృప్తి. కోట పక్కనే ఉన్న ఆశ్రమానికి వచ్చే జనం గోల మరో చికాకు. గురువును దూరంగా వెళ్లమన్నాడు, ఆయన వెళ్లాడు. రాజు తన కొడుకును వారసుడిగా దీవించమంటే, రాజ్యం నీ తమ్ముడు అహ్మద్‌కు రాసి ఉందని గురువు అన్నాడని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. పానగల్లు దగ్గర విజయనగర సేన చేతిలో ఓడి కుంగిన ఫిరోజ్, 1422లో తమ్ముడికే గద్దె అప్పగించి కొద్ది రోజుల్లో పోయాడు. ఆ నవంబరు 1న గురువూ పోయాడు.

లోపల నేను తప్ప ఎవరూ లేరు. గోడల మీది గచ్చుపూలు కొన్ని రాలిపోయినా తీగలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి. పగలంతా మండిన పాదాలకు ఆ నేల చల్లగా తగిలింది. రైలుకు ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది కనుక అక్కడే గోడకు చేరగిలబడి కూర్చున్నాను.